గాజులు దిగిన చోటు

దీప తల్లి లాలి తన రవిక చేతిని పైకి జరిపిన క్షణం దగ్గర పోయినవారం మనం ఆగాం. ఎడమ చేయి, మోచేతికి కాస్త పైన. అక్కడ నాలుగు మూలలున్న కాలిన మచ్చ. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టున్న అంచులు. ఆ కొలత దీపకు బాగా తెలుసు. అల్యూమినియం రేకు మీద పెన్సిలుతో ఆ గీతలు గీసింది తనే.

ఆ రేకు చర్మానికి ఆనుకుని ఉంటుంది. దాని వెనక ఒక చిన్న పింగాణీ పలక. కరెంటు పారితే ఒక ముఖం చల్లబడి, రెండో ముఖం వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి వదిలేందుకు లోహపు రెక్కలు, రెక్కల మీద అగ్గిపెట్టెంత ఫ్యాను. అన్నిటినీ ఒక గుడ్డపట్టీలో కుట్టి చేతికి కట్టుకుంటే, నడుముకు వేలాడే బ్యాటరీతో పొద్దంతా నడుస్తుంది. మండుటెండలో మిరపకాయ ఏరే ఆడవాళ్ల కోసం దీప దీన్ని చేసింది. ఒంటి వేడినంతా అది తీసెయ్యలేదు. అరచేతి మేర చల్లదనం ఇస్తుంది. కళ్లు తిరగకముందే నీడకు పోవాలన్న తెలివిని నిలబెడుతుంది. తండా ఆడవాళ్లు దానికి సల్లబిళ్ల అని పేరు పెట్టారు.

దీప తండ్రి తావుర్యా రెండేళ్ల కిందట మిరపచేలోనే వడదెబ్బకు పోయాడు. కేసముద్రం దగ్గరి ఆ తండా నుంచి ఇంజనీరింగు చదివిన పిల్ల, ఉద్యోగం వదిలి జనగామలో తన పాత లెక్చరరు డేవిడ్ సారు పెరట్లోని రేకుల షెడ్డులో చేరింది. తోడు క్లాస్‌మేటు ప్రతాప్. సోమవారం భూపాలపల్లికి వెళ్లాలి. ఓపెన్‌కాస్టు గని దగ్గర బొగ్గు రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు ఈ బిళ్లలు కట్టుకుని చూస్తామన్నారు. ఇంతలోనే ఈ మచ్చ.

"పొయ్యి కొరివి తగిలింది" అన్నది లాలి, మహబూబాబాద్ దవాఖానలో.

"పొయ్యికి నాలుగు మూలలుంటయా అమ్మా?" అన్నది డాక్టరమ్మ. ఆ మాట అంటూనే ఆమె గాయం మీద మందు రాసి, ఆరేదాకా చిన్నపిల్లకు ఊదినట్టు ఊదింది. తర్వాత దీప వైపు తిరిగి చెప్పింది. ఇది చలికి కమిలిన చర్మం కాదు, వేడికి కాలింది.

చల్లబరిచే వస్తువు ఎట్లా కాల్చింది? అమ్మ ఎందుకు అబద్ధం చెప్పింది? ఆ రెండు ప్రశ్నలతో దీప తల్లిని తండాకు పంపకుండా ప్యాసింజరు బండి ఎక్కించి జనగామ తీసుకొచ్చింది. బండి కిక్కిరిసి ఉంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి లాలి చేతికున్న కట్టు చూసి, ఏమీ అడగకుండా ఎండ పడని వైపు కిటికీ సీటు వదిలి లేచాడు.

*

పొద్దున్నే డేవిడ్ సారు షెడ్డు పైకప్పు మీద గోనెసంచులు పరిచి నీళ్లు కొడతాడు. రేకు అంచునుంచి కారే చుక్కల కోసం రెండు గోరింకలు రోజూ వస్తాయి. అవి తాగి వెళ్లేదాకా ఆయన తలుపు తియ్యడు. ఆ శనివారం కూడా అవి వెళ్లాకే అందరినీ లోపలికి పిలిచాడు.

ప్రతాప్ అప్పటికే చేతికి ఒక బిళ్ల కట్టుకుని కూర్చున్నాడు. లాలి కట్టుకున్నదానికి అచ్చు జతది.

"నిన్నటి సంది కట్టుకునే ఉన్న" అన్నాడు. "నా చెయ్యి మొద్దుబారింది గని కాలలే. పెద్దమ్మా, ఇగ సూడు. మంచుగడ్డ లెక్క ఉన్నది."

లాలి వేలితో అతని చేయి తాకి చూసి, "పీనుగ చెయ్యి లెక్కున్నది, ఇప్పు బిడ్డా" అన్నది.

డేవిడ్ సారు నవ్వుతూ చాయ్ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన భార్య సుజాత టీచరుగా చేసి, మూడేళ్ల కింద పోయింది. అప్పటి నుంచి వంట ఆయనదే. లాలి ఒక గుక్క తాగి గ్లాసు వెలుగుకు పట్టింది.

"సారూ, గీ చాయ్‌ల పాలు పోసినవా, పాలను సూపిచ్చి తీసినవా?"

"పాలాయన ఇయ్యాల సగమే పోసిండు చెల్లె. మిగతా సగం నల్లా పోసింది."

దీప నవ్వలేదు. ఆమె ముందు బల్ల మీద స్క్రూడ్రైవర్లు, మీటరు, వైర్లు ఉన్నాయి. కావలసిన ఒక్కటే లేదు.

"యాడీ, నీ బిళ్ల ఏది?"

"తండల ఉన్నది."

"మహబూబాద్ పోయిన్నాడు నీ సంచిల ఉండె. నేను సూసిన."

"మరి ఏడనో పడ్డట్టున్నది."

తల్లీకూతుళ్లు ఇద్దరే ఉంటే తమ ఇంటి భాషలో మాట్లాడుకుంటారు. సారు ముందు తెలుగులోకి మారతారు, అమ్మను పిలిచే 'యాడీ' ఒక్కటి తప్ప. దీప ఇప్పుడు అదీ ఇదీ కలిపి గబగబా అడిగింది. లాలి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"కొరివి అన్నవ్. డాక్టరమ్మ పట్టుకున్నది. ఇప్పుడు పడ్డదంటున్నవ్. గింత మాట నాకు చెప్పకపోతె సోమవారం నేను ఆడికి పోయి ఏం జెప్పాలె? అంతమంది చేతులకు కడుత. వాళ్లయి గూడ కాలితె?"

"వాళ్లయి కాలయి."

"నీకెట్ల ఎరుక?"

లాలి నోరు తెరిచి, మూసుకుంది. అందరికీ అర్థమైంది. ఎందుకు కాలిందో ఆమెకు తెలుసు.

"నన్ను ఉత్తగ పరేషాన్ జెయ్యకు బిడ్డా" అన్నది మెల్లగా. "నా చెయ్యి, నా మచ్చ. నేనేమన్న అన్ననా నిన్ను?"

"అనాలె! అదే అంటున్న, నన్ను అనాలె నువ్వు!" దీప గొంతు పెరిగింది. "నువ్వు దాస్తె నా తప్పు నాకెట్ల తెలుస్తది?"

"దీపా, జర ఆగు" అన్నాడు డేవిడ్ సారు.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినా, వెనక బెంచీవాళ్లు ముందుకొచ్చి కూర్చోవలసి వచ్చేదే తప్ప ఆయన గొంతు వెనక్కి వెళ్లేది కాదు. స్టూలు లాక్కుని లాలికి ఎదురుగా కాకుండా, కాస్త పక్కగా కూర్చున్నాడు. అట్లా కూర్చుంటే ఆమె ఆయన ముఖం చూడనవసరం లేదు.

"చెల్లె, నేను ఎందుకు ఏమిటి అని అడగను. మెషిన్ గురించి ఒక్కటి అడుగుత. ఆ దినం దాని సప్పుడు ఆగిందా?"

లాలి తల ఎత్తింది.

"తుమ్మెద లెక్క గుయ్యిమంటది కద. ఆ సప్పుడు?"

పైన తడి గోనెసంచుల నుంచి చుక్కలు పడుతున్నాయి.

"ఆగింది" అన్నది లాలి.

అని, నడుముకు దోపుకున్న చిన్న గుడ్డసంచి తీసి, ముడి విప్పి, బిళ్లను బల్ల మీద పెట్టింది. పట్టీ శుభ్రంగా ఉతికి ఉంది. పాత చీర ముక్కలో చుట్టి ఉంది. కాల్చిన వస్తువును ఎవరూ అంత జాగ్రత్తగా చుట్టరని డేవిడ్ సారుకు అనిపించింది.

దీప మరలు ఊడదీసింది. ఫ్యాను మూత ఎత్తగానే ముగ్గురూ ఒకేసారి వంగారు. ఇరుసు చుట్టూ పసుపుపచ్చ దారం బిగిసి చుట్టుకుని ఉంది. రెక్క కదలడానికి సందు లేదు. దీప పట్టకారుతో దారం కొస పట్టి లాగింది. అది చీర కొంగు కుచ్చు.

"కప్పుకున్నవా?" అన్నది. ఈసారి గొంతులో కోపం లేదు. "యాడీ, దీని మీద కొంగు కప్పుకున్నవా?"

లాలి తలూపింది.

వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో ఆ షెడ్డులో ఎవరికీ వివరించనవసరం లేదు. చల్లటి ముఖం దించుకున్న బరువంతా వేడి ముఖం మోయాలి. అది దించుకునే చోటు లేనప్పుడు, మోసినదంతా వెనక్కి తిరిగి చర్మం మీదికే వస్తుంది.

"గంత ఉడుకెక్కుతుంటె తీసెయ్యలేదా మరి?" అన్నాడు ప్రతాప్.

లాలి చెప్పింది. తెలుగులోనే చెప్పింది. తన భాషలో అయితే ఆ మాటలు ఆమె గొంతులోనే ఉండిపోయేవేమో. పరాయి మాటల్లో తన సంగతి ఇంకెవరిదో అన్నట్టు చెప్పుకోవచ్చు.

"మా అన్న బిడ్డ లగ్గం. దంతాలపల్లి దిక్కు తండల. నేను ఎప్పటి లెక్కనే పొయ్యిల కాడ కూసున్న. నన్ను ముందటికి పిలువరు, నేను పోను. గది పద్ధతి, ఎవ్వలను అనేది లేదు. పెండ్లిపిల్ల నీళ్లకని గటు వచ్చింది. నా చెయ్యి సూసింది. 'అత్తా, గిదేంది కొత్తది' అని నవ్వి, చెయ్యి వట్టి గుంజుకపోయి తన పక్కకు కూసోవెట్టుకున్నది."

"ఎవరేమన్నా అన్నరా?" అడిగాడు సారు.

"అనలే. ముసలోళ్లంత నా చెయ్యి దిక్కే సూసిన్రు. గాజులో, గాజులు కాదో వాళ్లకు సమజ్ కాలే." లాలి పెదవుల మీద దొంగనవ్వు ఒకటి వచ్చి పోయింది. "నేను గూడ చెప్పలే."

దీప చేతిలో పట్టకారు ఆగిపోయింది.

లంబాడా ఇళ్లలో పెళ్లయిన ఆడదానికి మోచేతి పైన తెల్లటి గాజులు వరసగా ఉంటాయి. భర్త పోయిన నాడు అవి దిగుతాయి. తావుర్యా దినాలనాడు లాలి చేతికి సబ్బు రాసి గుంజితే కూడా రాలేదు. పెళ్లినాటి నుంచి దిగని గాజులు. కడకు రంపపు బ్లేడుతో కోశారు. కింద ఎండ ఎరగని చర్మం, లేత ఆకు లోపలి వైపులా తెల్లగా బయటపడింది. అద్దాల దుస్తులు పెట్టెలోకి వెళ్లాయి. లాలి చీరలోకి మారింది. చీర ఎన్నిసార్లు చుట్టుకున్నా ఆ తెలుపు మాత్రం కనిపించేది.

సల్లబిళ్ల ఎక్కడ కట్టాలా అని దీప చాలా వెతికింది. మెడకు కడితే తలమీద మూట అడ్డం. మణికట్టుకు కడితే మిరప ఘాటు పట్టీలోకి ఇంకి మంట. చివరికి తల్లి మోచేతి పైన టేపు పెట్టి కొలిచింది. ఏ అడ్డమూ లేదు, చదునుగా ఉంది, చెమట తక్కువ. భలే చోటు దొరికిందని ఎగిరి గంతేసింది. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో ఆ పూట ఆమెకు తట్టలేదు.

"తరువాత ఆ సూపులకు ఆగలేక కొంగు కప్పిన" అన్నది లాలి. "జరసేపటికి సప్పుడు ఆగింది. మెల్లమెల్లగ ఉడుకు మొదలైంది. లేసి అవుతలకు పోయి తీద్దామనుకున్న. గప్పుడే పిల్ల ఏడుపు తీసుకున్నది. మాదాంట్ల పెండ్లిపిల్ల పాట కట్టి ఏడుస్తది సారూ, అత్తగారింటికి పోయే ముందట, ఒక్కొక్కల మెడమీద పడి. నా మీద పడ్డది. వాళ్ల మామ పేరు తీసుకొని ఏడ్చింది. 'మామా, నువ్వుంటె నా లగ్గానికి మేకను తోలుకొచ్చేటోనివి, నువ్వుంటె నాతోని ఊరవతలి దాక నడిచేటోనివి' అని. తావుర్యా పేరు తండల ఎవ్వలు తియ్యక ఎన్నొద్దులాయె. పిల్ల తలకాయ గీ భుజం మీదనే ఉన్నది. చెయ్యెట్ల గుంజుకుంట?"

"పాట అయ్యేదాక అట్లనే ఉన్నవా?" అడిగింది దీప.

"అయ్యేదాక."

ప్రతాప్ తన చేతికున్న బిళ్లను మెల్లగా విప్పి బల్ల మీద పెట్టాడు. డేవిడ్ సారు చల్లారిన చాయ్ గ్లాసును అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయన వేలికి సన్నటి బంగారు ఉంగరం ఉంది, చర్చిలో సుజాత తొడిగినది. ఏళ్లకు ఏళ్లు అరిగి దారంలా అయింది.

"ఆడోళ్లది ముందుగాల చెయ్యి సూస్తరు సారూ, తరువాతనే ముఖం" అన్నది లాలి, ఆయన చూపు ఎక్కడుందో గమనించి.

"సుజాత పోయిన్నాడు ఈ ఉంగరం తియ్యమని నన్ను ఎవ్వరూ అడగలే చెల్లె" అన్నాడు ఆయన. "అడగలేదన్న సంగతి గూడ నాకు ఇప్పుడే యాదికొస్తున్నది."

లేచి, లాలి గ్లాసు తీసుకుని, లోపలికెళ్లి ఉన్న పాలన్నీ పోసి మళ్లీ చాయ్ పెట్టుకొచ్చాడు. ఈసారి అది తెల్లగా, చిక్కగా ఉంది. లాలి తాగి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసింది.

*

ముందుగా తేరుకున్నది ప్రతాప్. అతనికి భూపాలపల్లి సూపర్‌వైజరుకు ఇచ్చిన మాట ఉంది.

"దీపా, ఒకరకంగ మంచిదే అయింది. కారణం దొరికింది. మెషిన్ తప్పు కాదు. పెద్దమ్మ కప్పుకున్నది గాబట్టి గిట్లయింది. సోమవారం అందరికి ఒక్కటే చెబుదాం, దీని మీద ఏం కప్పద్దని. అయిపోయె."

"ఆడ బొగ్గుదుమ్ము" అన్నది దీప. "నువ్వు పోయిన నెల ఫొటోలు తెచ్చినవ్ గద. ఒక్కొక్కలు నిండు చేతుల మొగోళ్ల అంగీలు తొడుక్కున్నరు, మీదికెల్లి తువ్వాల. కప్పద్దంటె ఎట్ల? దుమ్ము తిను, కప్పకు అని చెప్తమా?"

"మరి?"

"కప్పుకుంటరు. దుమ్ముకు కప్పుకుంటరు, ఎండకు కప్పుకుంటరు, సిగ్గుకు కప్పుకుంటరు. ఒంటికి కట్టేది ఒంటి మీద బట్ట ఉంటదని తెలుసుకోవద్దా? తప్పు కొంగుది కాదు."

ఆమె బిళ్లను వెల్లకిలా తిప్పింది. చర్మానికి ఆనే రేకు పక్కన చిన్న సెన్సారు ఉంది. వేడి ముఖం వైపు మొదట్లో ఇంకొకటి ఉండేది. బరువు తగ్గించాలని దాన్ని తీసేసింది తనే. పట్టీ అందుకే అంత పలచగా, అందంగా వచ్చింది.

"దీనికి నేను ఏం నేర్పిన్నో చెప్పాల్నా సార్?" అన్నది. "చర్మం చల్లగ లేకుంటె ఇంకింత కరెంటు తీసుకో అని రాసిన. అప్పటికి చల్లబడకుంటె ఇంకింత. ఆగు అని ఎక్కడ రాయలే. ఉడుకైనకొద్ది ఇంకా కష్టపడు, ఇంకా కష్టపడు..."

కాసేపు బిళ్ల వంకే చూసింది.

"బాపు లెక్కనే తయారు జేసిన దీన్ని."

లాలికి ఆ యంత్రం సంగతి సగమే అర్థమై ఉంటుంది. ఆ చివరి మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. లేచి వచ్చి, కట్టు లేని చేత్తో కూతురి తల పట్టి తన పొట్టకు ఆనించుకుంది. దీప చిన్నపిల్లలా అట్లాగే ఉండిపోయింది. ప్రతాప్ ఫోను చూస్తున్నట్టు నటిస్తూ గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

డేవిడ్ సారు ఒక కాగితం ముక్క మీద బొమ్మ గీస్తూ మెల్లగా అన్నాడు. "వేడి దిక్కు సెన్సారు మల్ల పెట్టాలె. ఫ్యాను ఆగిందంటె కరెంటు దానంతట అదే బంద్ కావాలె. ఇంకోటి, వేడిని పైకి కాదు, పక్కలకు వదిలితె? పట్టీ అంచుల వెంబడి. అప్పుడు మీద కొంగున్నా దారి ఉంటది."

"సోమవారానికి అయితదా సార్?" ప్రతాప్ గుమ్మంలోంచే అడిగాడు.

"కాదు" అన్నది దీప, తల్లి పొట్ట మీదినుంచి ముఖం ఎత్తి. "సోమవారం లేదు. నేను ఫోన్ చేసి చెప్త."

"మల్ల పిలువరు దీపా. అడిగి అడిగి ఒప్పించినం."

"పిలువకపోతె మానె. తెలిసి కట్టలేను గద."

ప్రతాప్ కాలిన మచ్చ మీదున్న తెల్లటి కట్టు చూశాడు. లోపలికి వచ్చి తన వంతుగా ఇంకో బిళ్ల మరలు విప్పడం మొదలుపెట్టాడు. అతను ఒప్పుకున్నాడని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి అతనికి తెలియదు.

లాలి బల్ల మీద ముక్కలు ముక్కలుగా ఉన్న తన బిళ్లను చూస్తూ నిలబడింది. పట్టీని వేళ్లతో సాపు చేసింది.

"ఇగ గిది నాకియ్యవా?"

"ఇస్త యాడీ. మంచిగ జేసి ఇస్త. అప్పటిదాక ఏ ఒక్కలు కట్టుకోవద్దు. దేవుని దయ, నువ్వు ఉడుకు తెలిసి ఎప్పటికో తీసినవ్. తెలియకుంటె చెయ్యి మొత్తం పోతుండె."

లాలి వేళ్లు పట్టీ మీద ఆగాయి.

"తెలియకుంటె..." అన్నది.

ఆ మాట అన్న తీరుకు డేవిడ్ సారు పెన్సిలు కింద పెట్టాడు.

"సోమవారానికి చేసినయి ఈడనే ఉన్నయి. అంతకు ముందు చేసినయి మూడు" అన్నది దీప నెమ్మదిగా. "ప్రతాప్ కట్టుకున్నదొకటి. ఇదొకటి. నీది కరాబైతె ఉండనీ అని ఇంకోటి నీ దగ్గర పెట్టిన. అది ఏడుంది?"

"రాధకిచ్చిన."

రాధాబాయి తావుర్యా తమ్ముడి భార్య, లాలి తోటికోడలు. మొగుడు ట్రాక్టరు కింద పడి పోయాక భూపాలపల్లికి పనికి పోయింది. బొగ్గు రోడ్డు ఊడ్చే వాళ్లలో ఆమె ఒకతె. నా బిడ్డ లాంటి పిల్ల ఒక మిషను చేసిందని సూపర్‌వైజరు చెవిలో ముందుగా వేసింది కూడా ఆమే.

"లగ్గానికి వచ్చింది. నా పక్కకు కూసున్నంతసేపు నా చేతిని ఎట్ల సూసిందో నాకెరుక" అన్నది లాలి. "ఆమె చెయ్యి గూడ బోసిదే గద బిడ్డా. నేనే కట్టిన, నా చేతులతోటి."

"చిన్నమ్మకు నిరుడు పక్షవాతం వచ్చింది." దీప లేచి నిలబడింది. "ఏ చెయ్యి?"

"ఎడమది. మల్ల లేస్తున్నది, పని జేస్తున్నది. గని..." లాలి తన కట్టు మీద చెయ్యి వేసుకుంది. "సురుకు తెలువది. అన్నం గంజి మీద పడ్డా తెలువది ఆ చేతికి."

దీప అప్పటికే ఫోను కలుపుతోంది. గోడ మీద పడిన ఎండ షెడ్డు తలుపు దాకా వచ్చింది. బ్యాటరీ పొద్దంతా ఆగేట్టు చేశానని పోయిన నెల ఆమె ఈ బల్ల దగ్గరే మిఠాయి పంచింది.

అవతల ఎత్తారు. లారీల హారన్లు, గాలి.

"ఎవలు? దీపనా? బిడ్డా!" రాధాబాయి గొంతు నవ్వుతో నిండి ఉంది. "వందేండ్లు నీకు. ఇప్పుడే నీ ముచ్చట జెప్తున్న గీళ్లకు. పొద్దుగాల కెల్లి కట్టుకునే ఉన్న."

"చిన్నమ్మా, అది చల్లగ ఉన్నదా?"

"ఏమో బిడ్డా. నా చేతికి సల్లన తెలుస్తదా, ఉడుకు తెలుస్తదా? మంచిగ మాత్రం ఉన్నది. దుమ్ము వడకుండ తువ్వాల బిగిచ్చి కట్టిన మీదికెల్లి."

"చిన్నమ్మా, నా మాట ఇను. ఉన్నకాడనే ఆగు. తువ్వాల ఇప్పు, బిళ్ల తీసెయ్యి. ఇప్పుడే. నేను ఉంట ఫోన్‌ల."

అవతల నవ్వు ఆగిపోయింది. ఒక లారీ వెళ్లిన చప్పుడు. ఇంకొకటి.

"మీ అమ్మ వాపస్ అడుగుతున్నదా?"

"కాదు చిన్నమ్మా, కాలుతది అది, నీకు తెలుస్తలేదు, చెయ్యి..."

"తియ్య బిడ్డా" అన్నది రాధాబాయి. కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నట్టుంది. "ఒక్కసారి తీసిన్రు నా చేతికెల్లి. చాలు."

ఫోను తెగింది. దీప మళ్లీ కలిపింది. స్విచ్ ఆఫ్. సూపర్‌వైజరుకు చేసింది. ఎత్తలేదు.

ప్రతాప్, డేవిడ్ సారు పాత కారు తాళం కోసం మేకుల మీద వెతుకుతున్నాడు. జనగామ ఎక్కడ, భూపాలపల్లి ఎక్కడ. అక్కడ మధ్యాహ్నపు ఎండ ఇంకా ఎక్కనైనా లేదు.

దీప వెనక్కి తిరిగేసరికి లాలి గుమ్మం బయట, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. చేతికున్న తెల్లటి కట్టును తనే విప్పేసుకుంటోంది. ఎర్రటి మచ్చ నాలుగు మూలలతో ఎండలోకి వచ్చింది.

"యాడీ, ఏం చేస్తున్నవ్?"

"నోటితోటి చెప్తె ఇనదు అది. కండ్లకు సూపియ్యాలె" అన్నది లాలి. "నేను కట్టిన. నేనే ఇప్పాలె. నడువుండ్రి."